దుఃఖపడువారి నడుమ క్లౌ దొరగారు



దైవజనుల జీవితములు వ్రాసేటప్పుడు వారు కట్టించిన మందిరములు, ఇచ్చిన బాప్తిస్మములు లెక్కవేసి ముగించడం మాకు అలవాటు. ఈసారి డాక్టర్ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారిని గురించి వ్రాయమని అడిగినప్పుడు కూడా ఆ లెక్కలే మొదట జ్ఞాపకం వచ్చాయి. కాని పోయిన ఎండాకాలంలో మన పేటలో జరిగిన ఒక సంగతి వలన, ఆయన జీవితములో మేము ఇంతకాలం పైపైన చదివి వదిలిన భాగమే ఇప్పుడు ముఖ్యమని తోచింది. ముందు ఆ సంగతి చెబుతాము.

మన సంఘములో ఒక సహోదరుడు ఇరవై రెండేండ్లు ఒకే కార్ఖానాలో చద్దరు మగ్గాల మీద పనిచేశాడు. ఆ కార్ఖానా మూతపడింది. మగ్గాలు కిలోల లెక్కన పాత ఇనుముకు పోయాయి. తాను నడిపిన మగ్గాన్ని సుత్తెలతో విరగగొట్టి టెంపోలో వేస్తుంటే ఆయన గేటు దగ్గర నిలబడి చూశాడట. ఇంటికి వచ్చి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. మూడు వారాలు అంతే. భోజనం సగం కంచంలోనే, నిద్ర లేదు, మాట లేదు. రాత్రులు ఆయనను ఒంటరిగా విడిచి కన్ను మూయడానికి భార్య భయపడింది. ఆమె వచ్చి ఏడిస్తే పెద్దలము నలుగురము వెళ్లాము. యోబు గ్రంథము చదివాము, కీర్తన పాడాము. ఉపాధ్యాయ శిక్షణ పొందినవారము గనుక మాకు ఎక్కడైనా పాఠం చెప్పకుండా ఉండడం చేతకాదు. శ్రమల వలన కలిగే మేలులు ఒకటి, రెండు, మూడు అని వివరించాము. మూడవది పూర్తికాక ముందే ఆయన లేచి, చెప్పులు కూడా తొడుక్కోకుండా బయటికి వెళ్లిపోయాడు. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. యోబు స్నేహితులు కనీసం మొదటి ఏడు దినములు నోరు మూసుకొని కూర్చున్నారు. మేము ఏడు నిమిషములు కూడా కూర్చోలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక, క్లౌ దొరగారు తన జీవితమును గురించి చెప్పగా వ్రాయబడిన గ్రంథము తీసి, కరువు కాలపు అధ్యాయములు మళ్లీ చదివాము. ఈ వ్యాసం అందులో నుండి పుట్టినది.

క్లౌ దొరగారు 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రములో, ఫ్రూస్‌బర్గ్ అనే ఊరి దగ్గర పుట్టారు. అదే 1836లో శామ్యూల్ డే దొరగారు మన తెలుగు దేశములో అడుగుపెట్టారు. ఒకరు పుట్టిన యేడే ఆయన చేయబోయే పనికి మరొకరు పునాది తవ్వుతున్నారు! క్లౌ గారి కుటుంబం కలిగినదే గాని, ఆస్తి పోగొట్టుకొని పడమటికి వలస పోయింది. మొదట ఇల్లినాయిస్, ఆ తరువాత అయోవా. వలస అంటే ఏమిటో ఆయనకు చిన్ననాడే తెలుసు. ఈ మాట మన పత్రిక చదివేవారికి విడమరిచి చెప్పనక్కరలేదు. పాలమూరు నుండి, నల్లగొండ నుండి, కరీంనగర్ నుండి మన తాత ముత్తాతలు మూటలు నెత్తిన పెట్టుకొని సోలాపూరుకు వచ్చినట్టే వాళ్లూ బండ్లు కట్టుకొని పోయారు.

కుర్రవాడుగా ఉన్నప్పుడే ఆయన మిన్నెసోటా ప్రాంతములో ప్రభుత్వపు భూమి సర్వేలో పనిచేశారు. గొలుసు పట్టి అడవులు, బీళ్లు కొలిచే పని. ఆ పని తరువాత ఎందుకు పనికివచ్చిందో ముందు చూస్తాము. లాయరు కావాలని, రాజకీయములలో పైకి రావాలని ఆశ. దేవుని మాట గిట్టేది కాదు. బర్లింగ్‌టన్‌లో చదువుకొనేటప్పుడు ఆయన గదిలో ఉండే తోటి విద్యార్థి రోజూ బైబిలు చదివి మోకరించేవాడు. ఈయన విసుగుపడి గది మధ్యన సుద్దముక్కతో గీత గీసి, నీ భక్తి ఆ గీత అవతలే ఉంచుకో అన్నారట. ఆ స్నేహితుడు వాదించలేదు. తన పక్కన తాను ప్రార్థన చేసుకున్నాడు. కొంతకాలానికి గీత గీసినవారే గీత దాటి వెళ్లి అతని పక్కన మోకరించారు. 1858లో మిస్సిసిపీ నదిలో బాప్తిస్మము పొందారు. 1861లో హారియెట్ సండర్‌లాండ్ గారిని వివాహమాడారు.

ఆ రోజులలో మన తెలుగు మిషను మూతపడే స్థితిలో ఉన్నది. ఇన్ని సంవత్సరములు పనిచేసినా నెల్లూరు ఒక్కటే స్టేషను. పటము మీద ఆ ఒక్క చుక్కను చూసి, 1853లో అమెరికాలో జరిగిన సభలో ఒంటరి నక్షత్రము అన్నారు. ఆ పేరే నిలిచిపోయింది. మిషను ఆపివేద్దామన్న మాట ఒకటికి రెండుసార్లు వచ్చినా లైమన్ జ్యూయెట్ దొరగారు ఒప్పుకోలేదు. ఎవరూ రాకపోతే తానొక్కడే తిరిగి వెళ్తానన్నారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు దగ్గరి కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపుమని ప్రార్థించారు. అదే ప్రార్థన కొండ. ఐదుగురు. సంఖ్య గుర్తుపెట్టుకోండి, ముందు వేరే సంఖ్యలు వస్తాయి.

బోస్టనులో మిషను కమిటీ క్లౌ గారిని పరీక్షించినప్పుడు, మేము పంపకపోతే ఏమి చేస్తావని అడిగితే, వేరే దారి వెతుక్కొని అయినా వెళ్తానన్నారట. 1864 నవంబరు చివర ఓడ ఎక్కితే 1865 ఏప్రిల్‌కు మద్రాసు చేరారు. 1866 సెప్టెంబరులో ఒంగోలుకు కాపురము మార్చారు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడినది.

ఒంగోలుకు పడమట తాళ్ళకొండపాడు అనే పల్లెలో యెర్రగుంట్ల పేరయ్య గారు ఉండేవారు. మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి, ఎంతో కాలము యోగమార్గములో దేవుని వెదకినవాడు. తోళ్ల బేరము మీద ఉత్తరదిక్కు వెళ్లినప్పుడు ఏలూరులో ఒక మిషనరీ నోట క్రీస్తు మాట విని, దానిని వెంటబెట్టుకొని ఇంటికి వచ్చాడు. సువార్త తెలుగు పల్లెలకు దొరల బండ్ల మీద వచ్చిందనుకుంటాము గాని, చాలావరకు అది పేరయ్య గారి వంటి వారి కాలినడకన వచ్చింది. 1867 జనవరిలో క్లౌ దొరగారు తాళ్ళకొండపాటికి వెళ్లి కొన్ని దినములు చెట్ల కింద ఉండి బోధించారు. 28 మంది బాప్తిస్మము పొందారు. నాగమ్మ గారు, అంటే పేరయ్య గారి భార్య, ఆ పరిచర్యలో భర్తతో సమానముగా నిలిచినది.

ఇక్కడే దొరగారికి మొదటి గొప్ప కలత వచ్చింది. ఒంగోలులో పై కులముల వారు కొందరు బడికి పిల్లలను పంపుతూ, బోధ వింటూ ఉన్నారు. మాదిగలను చేర్చుకుంటే మేము రాము అని వారు తేల్చిచెప్పారు. బడి ఖాళీ అయ్యేలా ఉన్నది. ఎవరిని పట్టుకోవాలో, ఎవరిని విడవాలో తెలియక ఆయన మనస్సు నలిగిపోయింది. ఒక గదిలో ఆయన బైబిలు తెరిస్తే కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయము చివరి భాగము కంటపడింది. లోకములో ఎన్నిక లేనివారిని దేవుడు ఏర్పరచుకొన్నాడని పౌలు చెప్పే చోటు. అదే సమయములో వేరే గదిలో ఉన్న భార్య, ఆయన సంగతి తెలియకుండానే, అదే పుట తెరిచినదట. ఇద్దరు కలిసినప్పుడు ఈ సంగతి బయటపడింది. ఇటువంటి కథలు కొందరు అతిశయోక్తి అనుకోవచ్చు. అయితే ఆ దినము తరువాత ఆయన వెనుకకు చూడలేదన్నది అతిశయోక్తి కాదు. బడి ఖాళీ అయినా కానిమ్మని మాదిగపల్లెల వైపే నడిచారు.

ఇక కరువు సంగతి.

1876లో వానలు పోయాయి. మద్రాసు రాజధాని నుండి మైసూరు, నైజాము, బొంబాయి రాజధాని వరకు కరువే. బొంబాయి వైపు మరీ దెబ్బతిన్న జిల్లాలలో మన సోలాపూరు ఒకటి. వాన లేనప్పుడు రైతుకు పంట పోతుంది, నేతగానికి గిరాకీ పోతుంది. తినడానికే లేనివాడు చీర ఎక్కడ కొంటాడు? విచిత్రమేమంటే ఆ కరువు నడుమనే, 1877లో, సోలాపూరులో మొదటి నూలు మిల్లు నెలకొన్నది. మన పెద్దలు జూనీ మిల్లు అనేవారు. ఆకలితో పల్లెలు వదిలినవారికి ఆ గొట్టము పొగ కనిపించి ఉంటుంది. ఆ మిల్లు కూడా ఏనాడో మూతపడింది.

ఒంగోలు ప్రాంతములో 1877 నాటికి జనము ఆకులు, గడ్డలు తిని బ్రతకడానికి చూస్తున్నారు. కరువు వెంట కలరా వచ్చింది. దొరగారి బంగళా ముందు ఉదయము లేస్తే మనుష్యులు నిలబడి ఉండేవారు. అందరికీ చేతిలో పెట్టడానికి ఆయన దగ్గర ధనము లేదు. ప్రభుత్వము కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువను తవ్విస్తున్నది; మద్రాసు నుండి ఉత్తరానికి సముద్రపు ఒడ్డున పోయే పడవల కాలువ. అయితే కొన్ని చోట్ల మేస్త్రీలు, బంట్రోతులు కూలివారిని కొట్టడము, కూలి తగ్గించడము, అంటరానివారని గుంపుల నుండి తరమడము జరుగుతున్నవి. మా జనమును అక్కడికి ఎట్లా పంపేది అని ఆలోచించి, దొరగారు తానే మూడున్నర మైళ్ల తవ్వకము కాంట్రాక్టుకు తీసుకున్నారు. చిన్ననాడు గొలుసు పట్టి భూమి కొలిచిన అనుభవము ఇక్కడ అక్కరకు వచ్చింది. లోతు, వెడల్పు, గట్టు ఏటవాలు లెక్కలు ఆయనకు ఎవరూ నేర్పనక్కరలేకపోయింది.

మిషనరీ కాంట్రాక్టరు కావడము కొందరికి నచ్చలేదు. మాకైతే ఆయన చేసిన ప్రసంగములన్నిటికంటె ఈ కాంట్రాక్టే గొప్పదిగా కనిపిస్తుంది.

కాలువ పక్కన తాటాకు పాకలు వేశారు, నీటికి బావులు తవ్వారు. నూర్ల మైళ్లలోని పల్లెల నుండి వేల మంది నడిచి వచ్చారు. దారిలోనే పడిపోయినవారు ఉన్నారు. వచ్చినవారిలో భర్తను దారిలో పూడ్చి వచ్చినవారు, బిడ్డను మోసుకొచ్చి అది చనిపోయిందని చేరాక తెలుసుకున్నవారు ఉంటారని వేరే చెప్పనక్కరలేదు. దొరగారు తమ బోధకులందరినీ అక్కడికి రప్పించి, ఒక్కొక్కరి కింద ఒక గుంపును పెట్టి మేస్త్రీలుగా నియమించారు. పేరయ్య గారి వంటి వారు, బైబిలు చేతపట్టి పల్లెలు తిరిగినవారు, ఇప్పుడు పలుగులు, పారలు, తట్టలు లెక్కపెట్టే పనిలోకి దిగారు.

ఇక్కడ మేము ఆగి ఆలోచించాము. ఆయనకు ఇంతకంటె మంచి అవకాశము ఎక్కడ దొరుకుతుంది? వేల మంది ఒకచోట ఉన్నారు, ఆకలితో ఉన్నారు, చెప్పినదెల్లా వింటారు. పాక మధ్యలో వేదిక కట్టి ఉదయం సాయంత్రం ప్రసంగించవచ్చు. మేమైతే అదే చేసేవారము. అక్కడ జరిగినది వేరు. పగలు బోధకుడు తన గుంపుతో గుంటలోనే ఉండేవాడు. చేతులు బొబ్బలెక్కినవాడి దగ్గర, తట్ట ఎత్తలేక కూలబడిన స్త్రీ దగ్గర ఆగేవాడు. మధ్యాహ్నము కొంతసేపు పని ఆపి కూర్చున్నప్పుడు వారితో కూర్చునేవాడు. నీ ఊరేది, ఇంట్లో ఎవరు మిగిలారు అని అడిగేవాడు. వాళ్లు చెబుతుంటే వినేవాడు. అప్పుడు, ఎవరైనా అడిగితే, ఒక మాట చెప్పేవాడు. మత్తయి సువార్త పదకొండవ అధ్యాయము చివర, బరువు మోసి అలసినవారిని ప్రభువు తన దగ్గరకు పిలిచే మాట. నెత్తి మీద మట్టి తట్ట దించి కూర్చున్న మనిషికి ఆ మాటకు వ్యాఖ్యానము అవసరమా? ఆ ఒక్క పిలుపునే మళ్లీ చెప్పమని, మళ్లీ చెప్పమని జనము అడిగేవారని దొరగారు వ్రాయించారు. ఇంకేమీ జ్ఞాపకము లేనివారు కూడా దానిని ఊరికి మోసుకుపోయారు.

ఇంకొక సంగతి. ఆ బోధకులలో ఎక్కువమంది ఆ జనములో నుండే వచ్చినవారు. వారి బంధువులు కూడా చనిపోతున్నారు. దుఃఖపడేవానిని గట్టు మీద నిలబడి ఓదార్చినవాడు ఒక్కడు లేడు. దొరగారు ఒక్కరే ఆ గట్టు మీది మనిషి అని ఎవరైనా అనవచ్చు. తెల్లవాడు, బంగళా గలవాడు. ఆయనకు ఈ తేడా తెలుసు. అందుకే కాబోలు, ఓదార్పు పనిని తన నోటికంటె వారి నోటికి ఎక్కువగా అప్పగించారు. తాను చేసినది కొలత తప్పకుండా తవ్వించడము, కూలి తప్పకుండా ముట్టేలా చూడడము, కొట్టే చెయ్యి ఆ మూడున్నర మైళ్లలోకి రాకుండా కాపలా ఉండడము.

ఇప్పుడు మరొక కఠినమైన సంగతి చెప్పాలి. కాలువ పని నడుస్తుండగానే బాప్తిస్మము కావాలని జనము అడగడము మొదలుపెట్టారు. దొరగారు ఇవ్వలేదు. 1877 మార్చి నుండి 1878 జూన్ వరకు, పదిహేను నెలలు, ఒక్కరికీ ఇవ్వలేదు. అన్నము కోసము వచ్చారని లోకము అంటుందని మాత్రమే కాదు. ఆకలిగొన్న మనిషి దగ్గర మాట తీసుకోవడము న్యాయము కాదని ఆయన ఎంచినట్టు మాకు తోస్తుంది. విదేశముల నుండి, లండను నుండి వచ్చిన సహాయ ధనము కూడా ఆయన చేతుల మీదుగా పంచారు. పంచినంత కాలము నది వైపు నడవలేదు. దుఃఖములో ఉన్న ఇంటికి వెళ్లి, కన్నీళ్లు ఆరకముందే వారి పేరు మన రిజిస్టరులో ఎక్కించాలని తొందరపడే వారు ఈనాడు అన్ని సంఘములలో ఉన్నారు. మనలోనూ ఉన్నారు. ఎవరినీ ఉద్దేశించి వ్రాయడము లేదు. మేము కూడా ఆ తొందరలో కొన్ని పేర్లు వ్రాసినవారమే.

1878 జూన్ నాటికి సహాయము పంచడము ముగిసింది. ఇక ఇచ్చేది ఏమీ లేదని అందరికీ తెలిసింది. బోధకులను మాత్రము వెల్లంపల్లిలో కలుసుకుందామని దొరగారు కబురు చేశారు. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ నది ఒడ్డున ఉన్న ఊరు. జనమును తీసుకురావద్దన్నారు. జనము వచ్చేశారు. చింతతోపు నిండిపోయింది. ఆయన ఒక గోడ ఎక్కి ఆ ముఖములు చూసి, ఇక మా దగ్గర ధనము లేదు, ఇళ్లకు వెళ్లండి అని చెప్పారు. మాకు ధనము వద్దు, మా చేతుల మీది బొబ్బలు చూడండి, కాలువలో పనిచేసి బ్రతికాము, మళ్లీ కరువు వస్తే చస్తాము గాని అడుక్కోము, మమ్మల్ని క్రైస్తవులుగా చేర్చుకోండి, అంతే కావాలి అన్న అర్థము వచ్చేలా వాళ్లు జవాబు చెప్పారు. ఆయన దగ్గర ఇక కాదనడానికి కారణము మిగలలేదు.

ఊరు ఊరుగా కూర్చోబెట్టి, బోధకులు ఒక్కొక్కరిని ఎరిగి సాక్ష్యము చెప్పగా పేర్లు వ్రాశారు. జూలై 2న 614 మంది, జూలై 3న 2,222 మంది, జూలై 4న 700 మంది. మూడు దినములలో 3,536 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందారు. జూలై 3న తెల్లవారుతూనే మొదలుపెట్టి, ఎండ ముదిరినప్పుడు ఆపి, మధ్యాహ్నము మళ్లీ మొదలుపెట్టి సాయంకాలానికి ముగించారు. ఇద్దరేసి బోధకులు నీటిలో నిలబడ్డారు, వారు అలసినప్పుడు వేరే ఇద్దరు దిగారు. దొరగారు ఆ దినము ఒక్కరికి కూడా తన చేతితో ఇవ్వలేదు. ఆ సంవత్సరాంతానికి తొమ్మిది వేలు దాటారు. ప్రార్థన కొండ మీది ఐదుగురిని జ్ఞాపకము చేసుకోండి.

ఈ సంఖ్యలను మన పత్రికలలో ఎన్నోసార్లు అచ్చు వేశాము. వాటి వెనుక ఉన్న గుంట పని గురించి తక్కువ వ్రాశాము.

ఆయనలో లోపములు లేవని అనము. పట్టుదల మనిషి, తన మాట నెగ్గాలనే స్వభావము, పెద్ద పనులంటే మక్కువ. ఇంతమందిని ఒక్కసారిగా చేర్చుకొని వారిని చదువులోను, విశ్వాసములోను పెంచడానికి చాలినంత మంది కాపరులు ఎక్కడ అని అప్పుడే విమర్శ వచ్చింది. అందులో నిజము కొంత ఉన్నది. అది ఎరిగే ఆయన అమెరికా వెళ్లి మనుష్యులను, ధనమును సమకూర్చారు, పల్లెలలో బడులు పెట్టించారు, ఒంగోలు హైస్కూలు 1880లో వచ్చింది. అప్పటికే 1879లో హనుమకొండలో మిషను స్టేషను నెలకొన్నది. తరువాత పాలమూరు, నల్లగొండల్లో కూడా వచ్చింది. మన తాతలు సోలాపూరు రైలు ఎక్కినప్పుడు మూటలో బైబిలు ఉన్నదంటే ఆ వరుసలో వచ్చినదే.

1893లో హారియెట్ గారు చనిపోయారు. మూడు దశాబ్దముల తోడు. వేల మందిని ఓదార్చే ఏర్పాటు చేసిన మనిషి, తన ఇంట్లో ఖాళీ కుర్చీ ఎదుట ఎట్లా కూర్చున్నారో మేము ఊహించలేము. మరుసటి సంవత్సరము ఎమ్మా రౌషెన్‌బుష్ గారిని వివాహము చేసుకున్నారు. చదువులో గొప్పది, వాల్టర్ రౌషెన్‌బుష్ అనే ప్రసిద్ధ వేదపండితుని సోదరి. మాదిగ ముసలివారి దగ్గర కూర్చొని, వారి కథలు వారు చెప్పినట్టు విని, 1899లో ఒక పుస్తకము ప్రచురించినది. దానికి పేరు చెప్పులు కుట్టే పని మీదుగానే పెట్టినది. మన పూర్వికులు ఏమి నమ్మారో, ఏ గురువుల వెంట తిరిగారో మనకు తెలిసినదంతా ఆమె అడిగి విన్నందువల్లనే అంటే తప్పు కాదు.

చివరి ఏండ్లలో ఒక ప్రమాదము వలన దొరగారి నడక పోయింది. ఒంగోలు తాలూకా అంతా గుర్రము మీద, ఎద్దుబండి మీద తిరిగిన మనిషిని కుర్చీలో తిప్పవలసివచ్చింది. 1910లో అమెరికాకు చేర్చారు. ఆ నవంబరు 24న, అక్కడివారి కృతజ్ఞతా దినము నాడు, న్యూయార్క్ రాష్ట్రములోని రాచెస్టర్‌లో ప్రభువు సన్నిధికి చేరారు. ఆయన నోటిమాటగా చెప్పిన జీవితమును ఎమ్మా గారు పూర్తిచేసి 1914లో అచ్చు వేయించినది. మేము ఆ రాత్రి చదివినది అదే.

ఇక మన పేటలోని సహోదరుని మాట చెప్పి ముగిస్తాము. మేము నలుగురము ఓడిపోయి వచ్చిన మూడవ దినమున, ఎదురింటి ముసలమ్మ, బీడీలు చుట్టే ఆమె, తన చాట పట్టుకొని వారి గడపలో వచ్చి కూర్చున్నది. ఆమె మన సంఘము కాదు, మార్కండేయ గుడికి పోయే ఇల్లు. అయ్యా ఎట్లున్నావని కూడా అడగలేదట. ఆకు కోస్తూ, తంబాకు పోసి చుడుతూ, దారం కడుతూ కూర్చున్నది. సహోదరుని భార్యకు మూడు వారాలుగా చేయి ఆడక వెయ్యి బీడీల లెక్క పూర్తికావడము లేదు. లెక్క తప్పితే కార్ఖానాలో మాట పడాలి. తన లెక్క కాగానే ముసలమ్మ ఈమె చాట తీసుకున్నది. మరుసటి దినమున కూడా వచ్చినది. నాలుగో దినమో ఐదో దినమో, నాకు కన్ను ఆనడము లేదు, ఈ ఆకు కాస్త కోసి పెట్టు అని కత్తెర ఆయన ముందు పెట్టినది. ఇరవై రెండేండ్లు మగ్గము నడిపిన చేయి. కోశాడు. మొదట వంకరగా కోశాడని ముసలమ్మ తిట్టినదట. ఆ రోజు ఆయన ఇంట్లో మొదటిసారి మాట్లాడాడు, తిట్టుకు జవాబుగా.

నిద్ర లేకపోవడము కొనసాగుతుంటే ఆయన భార్య, మాలో ఒకరు కలిసి డాక్టరు దగ్గరకు తీసుకుపోయారు. మందులు వాడుతున్నాడు. ఇట్లా చేయడము విశ్వాసము తక్కువ అని ఎవరో అన్నారు; వారితో మేము వాదించదలచుకోలేదు, వారి ఇంట్లో జ్వరము వచ్చినప్పుడు ఎవరి దగ్గరకు పోతారో మాకు తెలుసు.

ఇప్పుడు ఆయనకు అక్కల్‌కోట్ రోడ్డు వైపు రాత్రి కాపలా పని దొరికింది. మగ్గము పని కాదు, జీతము తక్కువే. పగలు కొంతసేపు ఆకు కోస్తాడు. ఆదివారము మందిరములో చివరి వరుసలో, తలుపు పక్కన కూర్చుంటాడు. ఒకసారి ఆరాధన అయ్యాక మేము ఆయనతో బయట మెట్ల మీద కూర్చొని, ఈసారి పాఠము లేకుండా, క్లౌ దొరగారి కాలువ కథ చెప్పాము. మొత్తం విన్నాడు. బాప్తిస్మముల సంఖ్య చెప్పినప్పుడు ఏమీ అనలేదు. చివరికి ఒక్కటే అడిగాడు, ఆ తవ్వినవాళ్లకు కూలి పూర్తిగా ముట్టిందా అని. ముట్టింది అని చెప్పాము. ఎవరు ఇచ్చారు, చేతికే ఇచ్చారా అని అడిగాడు. మాకు తెలిసినంత చెప్పి, మిగతాది పుస్తకములో చూసి వచ్చే ఆదివారము చెబుతామన్నాము. సరే, చూసి చెప్పండి అని లేచి, డ్యూటీకి వేళయిందని సైకిలు తీసుకున్నాడు.